స్విఫ్ట్‌కు 14 అంగుళాల ఇనుప చక్రాలు తీసి అల్లాయ్‌లు వేయించాలంటే ఏ సైజు సరైనది?

దేవరకొండ_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది 2019 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్‌ఐ, పెట్రోలు బండి. కంపెనీ నుంచి వచ్చినవి 14 అంగుళాల ఇనుప రిములు, 165/80 ఆర్14 టైర్లు. ట్రెడ్ (టైరు నేలకు ఆనే భాగం) గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తుల దాకా టైర్లు అరిగిపోయాయి కనుక ఇప్పుడు మార్చక తప్పదు. ఎలాగూ మారుస్తున్నాం కదా, పనిలో పనిగా అల్లాయ్ చక్రాలు వేయించమని పిల్లల పట్టు. నాకూ ఆ సరదా లేకపోలేదు.

ఎక్కడికి వెళ్లి అడిగినా ఒక్కొక్కరు ఒక్కో సైజు చెబుతున్నారు. హైదరాబాద్‌లో ఒక దుకాణంవారు 7 అంగుళాల వెడల్పున్న 17 అంగుళాల రిములకు 205/45 టైర్లు వేయించమన్నారు. నల్లగొండలో మరొకరు 195/55 ఆర్16 చాలన్నారు. మా బావమరిది మాత్రం బండి కాస్త ఎత్తుగా నిలుస్తుందని 195/65 ఆర్15 వైపు మొగ్గుతున్నాడు. ఇదే స్విఫ్ట్ పై వేరియంటుకు కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తోందని నేను చదివాను.

నా ప్రయాణాల సంగతి కూడా చెప్పాలి. మల్లేపల్లి, చింతపల్లి, మాల్ మీదుగా హైదరాబాద్‌కు తరచూ వెళ్లి వస్తుంటాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కుతాం. మిగిలినదంతా ఊళ్ల మధ్య తిరుగుడే. ఆ రోడ్లపై రంగు పూయని స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉంటాయో ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కర లేదు. పంట చేతికి వచ్చినప్పుడు ఐదుగురు మనుషులతో పాటు డిక్కీలో రెండు మూడు బియ్యం బస్తాలు కూడా ఉంటాయి.

పీసీడీ, ఆఫ్‌సెట్, సెంటర్ బోర్ అన్న మాటలు దుకాణాల్లో వింటున్నాను. అవేమిటని అడిగితే "అన్నీ సరిపోతాయి సార్, మీకెందుకు" అనే జవాబే తప్ప వివరం రావడం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

లెక్కల_పంతులు, నల్లగొండ:

రిము ఎన్ని అంగుళాలన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు ఎంత వస్తుందన్నది ముందు చూడండి. స్పీడోమీటరు, ఓడోమీటరు, గేర్ల నిష్పత్తి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగిసిపోకుండా చూసే ఏర్పాటు), మడ్‌గార్డు లోపల ఉండే ఖాళీ, వీటన్నిటినీ కంపెనీవారు ఆ ఎత్తును బట్టే నిర్ణయిస్తారు.

మీ టైరు మీద 165/80 ఆర్14 అని ఉంది. 165 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతమని అర్థం. 14 అన్నది అంగుళాల్లో రిము వ్యాసం. 165లో 80 శాతం 132 మి.మీ.; పైన ఒక గోడ, కింద ఒక గోడ ఉంటాయి కనుక 264; అంగుళానికి 25.4 చొప్పున 14 అంగుళాలకు 355.6. మొత్తం 619.6 మి.మీ. ఏ దుకాణానికి వెళ్లినా ఈ సంఖ్యను వెంట ఉంచుకుని, వాళ్లు చెప్పే సైజును ఇదే పద్ధతిలో లెక్క కట్టి పోల్చి చూడండి.

185/65 ఆర్15 ఎత్తు 621.5 మి.మీ., అంటే తేడా రెండు మిల్లీమీటర్లయినా లేదు. 195/55 ఆర్16 కూడా దాదాపు అంతే, 620.9. మీకు 17 అంగుళాలు చెప్పిన దుకాణంవారు ఎత్తు విషయంలో మాత్రం తప్పు చెప్పలేదు. 205/45 ఆర్17 ఎత్తు 616.3, అంటే అర శాతం తక్కువ. మీ బావమరిది గారు చెప్పిన 195/65 ఆర్15 ఎత్తు 634.5, ఇది 2.4 శాతం ఎక్కువ. తేడా 3 శాతం లోపు ఉంటే ఫరవాలేదని చాలామంది అంటారు. ఒకటిన్నర శాతం దాటకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

2.4 శాతం ఎక్కువైతే ఏమవుతుంది? పాత టైరుతో మీటరు 100 చూపినప్పుడు బండి ఎంత వేగంతో పోయేదో, ఇప్పుడు అదే 100 దగ్గర అంతకంటే 2.4 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. ఓడోమీటరు అదే నిష్పత్తిలో తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ లెక్కలో ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఇక బండి ఎత్తు పెరుగుతుందన్న ఆశ సంగతి. వ్యాసంలో తేడా 15 మి.మీ. అయితే బండి లేచేది అందులో సగమే, ఏడున్నర మిల్లీమీటర్లు. అంతటి ఎత్తు కోసం ముందు చక్రాలు పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకునే ముప్పును కొని తెచ్చుకోవడం ఎందుకో మీ బావమరిది గారినే అడగండి.

ఎత్తు సరిపోయినంత మాత్రాన సైజు సరైనదైపోదు. ఆ ఎత్తులో రిము వాటా ఎంత, రబ్బరు వాటా ఎంత అన్నది రెండో ప్రశ్న. మీ ఇప్పటి టైరు పక్కగోడ 132 మి.మీ.; 185/65 ఆర్15కు 120; 195/55 ఆర్16కు 107; 205/45 ఆర్17కు 92. పదిహేడుకు వెళితే రోడ్డుకూ రిము అంచుకూ మధ్య ఉన్న రబ్బరు, గాలి కలిపి 40 మి.మీ. తగ్గిపోతాయి. చింతపల్లి దగ్గర చీకట్లో కనిపించని గుంతలో చక్రం పడితే ఆ దెబ్బను తట్టుకోవలసింది ఆ గోడే. గోడ పొట్టిదైతే దెబ్బ నేరుగా రిముకు తగులుతుంది. రిముకు, గుంత అంచుకు మధ్య నలిగిన టైరు లోపల దారాలు తెగి పక్కగోడ మీద బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకు మరమ్మతు ఉండదు, మార్చవలసిందే.

మూడోది బరువు. సైజు పక్కనే 85టీ, 88హెచ్ వంటి గుర్తు ఉంటుంది. అందులో సంఖ్య ఆ టైరు మోయగల గరిష్ఠ బరువును, అక్షరం గరిష్ఠ వేగాన్ని తెలుపుతాయి. 165/80 ఆర్14కు సాధారణంగా 85 ఉంటుంది, అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు. 185/65 ఆర్15కు 88, అంటే 560 కిలోలు. 195/55 ఆర్16కు 87, అంటే 545. ఈ రెండూ మీ పాత టైరుకంటే మెరుగే. 205/45 ఆర్17 మామూలు రకానికి 84 మాత్రమే ఉంటుంది, అంటే 500 కిలోలు. చూడటానికి భారీగా, వెడల్పుగా ఉన్నా అది మీ పాత సన్నని టైరుకంటే తక్కువ బరువు మోస్తుందన్నమాట. ఎక్స్‌ఎల్ అని రాసి ఉండే బలమైన రకంలో 88 దొరుకుతుంది కానీ, ఆ పూర్తి బరువు మోయాలంటే మామూలు టైరుకంటే ఎక్కువ గాలి నింపాలి; గాలి పెంచితే కుదుపులూ పెరుగుతాయి. మొత్తం మీద స్విఫ్ట్ బరువు నాలుగు టైర్ల సామర్థ్యానికి చాలా లోపలే ఉంటుంది, నిజమే. అయినా వెనుక ముగ్గురు మనుషులు, వారి వెనుక బస్తాలు, మే నెల ఎండ, కాస్త తగ్గిన గాలి, ఇవన్నీ కలిసే రోజుకు కొంత మిగులు ఉండాలి. కంపెనీ ఇచ్చిన అంకెకంటే దిగువకు వెళ్లకూడదన్న నియమం అందుకోసమే.

నా మాట అడిగితే మీ రోడ్లకు 185/65 ఆర్15. పదహారు వేయించుకున్నా తప్పని అనను, కానీ గుంతల దగ్గర మరింత జాగ్రత్తగా నడపవలసి వస్తుంది. పదిహేడు వద్దు.

పాలమూరు_అలైన్‌మెంట్:

పంతులుగారు టైరు లెక్క పూర్తిగా చెప్పారు కనుక నేను రిము సంగతి చెబుతాను. మహబూబ్‌నగర్‌లో చక్రాలు విప్పడం, బిగించడం, అలైన్‌మెంట్ చూడటమే నా పని.

మొదట పీసీడీ. నట్లు బిగించే రంధ్రాల కేంద్రాలను కలుపుతూ ఒక వలయం గీసినట్లు ఊహించుకుంటే, ఆ వలయం వ్యాసమే పీసీడీ. మీ స్విఫ్ట్‌కు నాలుగు రంధ్రాలు, 100 మి.మీ.; దుకాణాల్లో 4x100 అంటారు. ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య టేపు పెట్టి మీరే కొలుచుకోవచ్చు. ఫోర్డ్ ఫిగోకు ఇదే 4x108. బజారులో 4x98 రిములు కూడా తిరుగుతుంటాయి. 98కీ 100కూ తేడా రెండు మిల్లీమీటర్లే కదా అని నట్టును బలవంతంగా ఎక్కించేవారున్నారు. అలా ఎక్కించిన నట్టు తన గుంటలో సమంగా కూర్చోదు, స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగే ఉంటుంది, చివరికి నడుస్తున్న బండిలోనే అది విరుగుతుంది. సరిగ్గా 100 కానిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

రెండోది సెంటర్ బోర్, అంటే రిము మధ్యన ఉండే పెద్ద రంధ్రం. మీ బండి హబ్‌కు, అంటే చక్రాన్ని బిగించే నడిమి భాగానికి, కావలసింది 54.1 మి.మీ. బయటి కంపెనీలవారు ఒకే రిమును పలు కార్లకు అమ్ముకోవాలి కాబట్టి ఈ రంధ్రాన్ని పెద్దదిగా, తరచుగా 73.1 మి.మీ. ఉంచుతారు. మధ్యలో మిగిలే ఖాళీని నింపడానికి హబ్ రింగులు వేయాలి. రింగు లేకుండా బిగిస్తే రిము కేంద్రం హబ్ కేంద్రంతో కచ్చితంగా కలవదు. ఇరుసు వదులైన ఎడ్లబండి చక్రంలాగా ఊగుతూ తిరిగి, 80 నుంచి 100 కి.మీ. వేగం మధ్య స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు, ఎందుకంటే లోపం బ్యాలెన్స్‌లో లేదు. మీరు శ్రీశైలం ఘాట్ దిగుతారు కనుక ప్లాస్టిక్ రింగులకంటే అల్యూమినియం రింగులు అడగండి; దిగుడులో బ్రేకుల వేడికి ప్లాస్టిక్‌వి మెత్తబడి వంకర పోయినవి మా దగ్గరకు వస్తుంటాయి.

మూడోది ఆఫ్‌సెట్. రిము వెడల్పుకు సరిగ్గా నడిమి గీత నుంచి, హబ్‌కు ఆనుకునే తలం ఎంత బయటికి జరిగి ఉందో చెప్పే కొలత ఇది. రిము లోపలి వైపు ఈటీ 45, ఈటీ 35 అని పోతపోసి ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బండి బయటికి జరుగుతుంది. ఉదాహరణకు, ఐదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిము తీసి 7 అంగుళాలు, ఈటీ 35 ఉన్నది వేశారనుకుందాం. పెరిగిన ఒకటిన్నర అంగుళాల్లో సగం, అంటే 19 మి.మీ., బయటి వైపు వస్తుంది. దానికి ఆఫ్‌సెట్ తగ్గిన 10 మి.మీ. తోడై చక్రం బయటి అంచు మొత్తం 29 మి.మీ. బయటికి జరుగుతుంది. లోపలి అంచు కూడా 9 మి.మీ. షాక్ అబ్జార్బర్ వైపు జరుగుతుంది. ఆ 29 మి.మీ. వల్ల నలుగురు ఎక్కిన బండి గతుకులో దిగినప్పుడు మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని గీరుతుంది, వానాకాలం బురద తలుపుల మీద చిమ్ముతుంది, వీల్ బేరింగు మీద ఒరుగు పెరిగి అది త్వరగా మోత పెడుతుంది. సన్నని బిళ్ల పెట్టి సర్దేస్తామంటూ స్పేసర్లు చూపించే చోట నిలబడకండి.

రిము వెడల్పుకూ టైరుకూ జోడీ కుదరాలి. 185/65 ఆర్15కు 5 నుంచి ఆరున్నర అంగుళాల వరకు పనికి వస్తుంది, ఐదున్నరా ఆరూ మేలు. 195/55 ఆర్16కు ఐదున్నర నుంచి 7 వరకు. 205/45 ఆర్17కు కనీసం ఆరున్నర కావాలి.

నట్ల సంగతి కూడా చూడాలి. మారుతి స్టడ్లకు 12 మి.మీ. లావు, 1.25 మర (మరల మధ్య మిల్లీమీటర్లలో దూరం), హ్యుందాయ్‌కు అదే లావు, 1.5 మర. దుకాణంలో రెండు రకాల డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి. కుర్రవాడు తొందరలో ఒక డబ్బాకు బదులు ఇంకొకటి తీసి గాలి గన్‌తో బిగిస్తే మర మొత్తం చెరిగిపోతుంది. ప్రతి నట్టూ కనీసం నాలుగైదు చుట్లు చేత్తోనే సాఫీగా ఎక్కాలి. ఆ తరువాతే పానా గానీ గన్ గానీ పట్టనివ్వండి.

డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. ముందు రెండు చక్రాలు మాత్రమే బిగించమని చెప్పి, స్టీరింగ్‌ను కుడికి చివరి దాకా, ఎడమకు చివరి దాకా తిప్పి, మనుషులను కూర్చోబెట్టి ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించండి. తిరిగి వచ్చాక మడ్‌గార్డు లోపలి నల్ల ప్లాస్టిక్‌ను టార్చి వేసి చూడండి. దుమ్ము పట్టి మాసిన ప్లాస్టిక్ మీద ఎక్కడైనా వేలెడు మేర తుడిచినట్లు నిగనిగలాడుతుంటే టైరు అక్కడ రాసుకుందని తెలుసుకోవచ్చు. టైరు లోపలి భుజానికీ షాక్ అబ్జార్బర్‌కూ మధ్య వేలు దూరడం లేదంటే ఆ రిము మీ బండికి పనికి రాదు.

మిర్యాలగూడ_సారథి:

పెద్దలు చెప్పినదంతా సరైనదే, అయితే ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. అల్లాయ్ అసలు ఎందుకు? నేను అద్దెకు కారు నడిపేవాడిని. యాసంగి కోతలు మొదలైతే మన జిల్లాలో రోడ్డు సగం వడ్లతో నిండుతుంది. కుప్పల చుట్టూ అడ్డంగా పెట్టిన రాళ్లను చీకటి పడ్డాక కూడా తీయరు. ఆ రాయి ఎక్కితే ఇనుప రిము అంచు వంగుతుంది. దగ్గరలోని పంచర్ దుకాణంలో సుత్తితో సరిచేయించుకుని ఇంటికి పోవచ్చు. అల్లాయ్ అయితే చిట్లుతుంది. చిట్లినదానికి వెల్డింగు పెట్టించి నడిపేవారిని చూశాను గానీ, అటువంటి చక్రం మీద నా కుటుంబాన్ని ఎక్కించను.

ఉన్న ఇనుప రిముల మీదే 185/70 ఆర్14 వేయించుకోండి. ఎత్తు 614.6 మి.మీ., తేడా ఒక శాతం లోపే. బరువు అంకె 88. గోడ 129 మి.మీ. పైనే ఉంటుంది. అల్లాయ్‌ల డబ్బు మిగులుతుంది, పట్టు పెరుగుతుంది.

లెక్కల_పంతులు, నల్లగొండ:

సారథిగారి మాటలో చాలా బలం ఉంది, 5 అంగుళాల రిముకు 185/70 సరిపోతుంది కూడా. ఒక్క సవరణ మాత్రం చేర్చాలి. పట్టు పెరగడం వెడల్పు వల్లనే కాదు, రబ్బరు రకం వల్ల, ట్రెడ్ వల్ల కూడా. ఇక టైరు వెడల్పు, బరువు పెరిగితే మైలేజీ కొద్దిగా తగ్గవచ్చు. అల్లాయ్ అంటే తేలిక అన్న నమ్మకం కూడా ఎప్పుడూ నిజం కాదు. చవక రకం 16 అంగుళాల పోత రిము మీ 14 అంగుళాల ఇనుప రిముకంటే బరువుగా ఉండవచ్చు. ఎక్కడైనా కాటా ఉంటే రెండూ పెట్టి తూచి చూడండి. స్ప్రింగుల కింద వేలాడే బరువు పెరిగితే గతుకుల్లో ఎక్కువ కుదుపు వస్తుంది.

దేవరకొండ_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పదిహేడు ఆలోచన మానుకున్నాను, 195/65 కూడా వద్దనుకున్నాను. సారథి అన్న మాటకు ఎదురు చెప్పలేను గానీ, అల్లాయ్‌లు వేయిస్తానని పిల్లలకు మాట ఇచ్చేశాను కనుక 185/65 ఆర్15కే పోతాను. ఈలోగా ఇంకో అవకాశం వచ్చింది. కొత్తగా కొన్న స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ నుంచి తీసిన కంపెనీ 15 అంగుళాల రిములు, టైర్లతో సహా ఒకరు అమ్ముతున్నారు. అవి తీసుకోవచ్చా? స్టెప్నీ మాత్రం పాత 14 అంగుళాలదే ఉంటుంది, దానితో ఇబ్బంది ఉందా? చట్టపరంగా, బీమాపరంగా ఏమైనా చిక్కులు వస్తాయా?

వనపర్తి_క్లెయిములు:

బీమా సంగతి నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది టైర్ల స్థితిని, 95వది టైర్ల సైజును, ప్లై రేటింగును (టైరు బలాన్ని తెలిపే అంకెను) గురించి చెబుతుంది. కారు టైరు ట్రెడ్ లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు, మీరు చెప్పిన అరుగుదల గుర్తులు ఆ లోతును చూపేవే, కనుక ఆలస్యం చేయకండి.

185/65 ఆర్15 మీ మోడల్‌కు తయారీదారే పై వేరియంటులో ఇస్తున్న సైజు. వాదన వస్తే మీరు నిలబడటానికి ఇంతకంటే గట్టి ఆధారం ఉండదు. అయినా మీ వేరియంటుతో రాని వస్తువు కాబట్టి, రిముల వివరాలు, బిల్లు జతచేసి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి పాలసీలో చేర్పించుకోండి. కొద్దిపాటి అదనపు ప్రీమియం అడగవచ్చు. చెప్పకుండా ఉంటే, రేపు రిములు దొంగిలించబడినా ప్రమాదంలో పగిలినా వాటి విలువ రాదు. వాహనం మార్చారన్న అభ్యంతరంతో మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడవచ్చు. చేతి రాత చీటీతో అమ్మేవారి దగ్గర కొంటే ఈ పని కుదరదు. పేరు, తేదీ, సైజు ఉన్న బిల్లు ఇప్పించుకోండి. వారంటీ ఇంకా మిగిలి ఉన్నవారైతే సర్వీసు సెంటరులోనూ ముందుగా అడగాలి; మీది 2019 బండి కనుక మీకు ఆ ప్రశ్న రాకపోవచ్చు.

పాలమూరు_అలైన్‌మెంట్:

కొత్త బండి నుంచి తీసిన కంపెనీ రిములు నిజంగా అవే అయితే తప్పకుండా తీసుకోండి. పీసీడీ, సెంటర్ బోర్, ఆఫ్‌సెట్ అన్నీ మీ బండికి తగినట్లే ఉంటాయి, హబ్ రింగుల గొడవ ఉండదు. అయితే అదే ఆకారంలో నకిలీ రిములు కూడా దొరుకుతున్నాయి. లోపలి వైపు తిప్పి తయారీ గుర్తులు, వెడల్పు, ఈటీ అంకె స్పష్టంగా పోతపోసి ఉన్నాయో లేదో చూడండి. బయటి కంపెనీల రిములు కొనేవారు ఐఎస్‌ఐ గుర్తు గానీ, జపాను ప్రమాణాల జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు గానీ వెతకాలి. ఏ గుర్తూ లేని రిము ఎంత అందంగా ఉన్నా దాని బలానికి పూచీ పడేవారు ఉండరు.

కొనే ముందు నాలుగింటినీ బ్యాలెన్సింగ్ మెషిను మీద టైరుతోనూ, కుదిరితే టైరు విప్పీ తిప్పించండి. అంచు పైకీ కిందకీ గానీ, పక్కలకు గానీ ఊగితే అది దెబ్బ తిన్నదే. లోపలి వైపు రంగు ఒకే చోట కొత్తగా మెరుస్తుంటే అక్కడ గోటితో గీకి చూడండి, వెల్డింగు గరుకు చేతికి తెలుస్తుంది. టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారమని అర్థం. బండి కొత్తదని చెబుతూ టైరు మాత్రం మూడేళ్ల నాటిదైతే ఆ కథ నమ్మకండి.

స్టెప్నీ గురించి భయం వద్దు. పాత 14 అంగుళాల చక్రం ఎత్తుకూ కొత్తదానికీ తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి పంచర్ పడినప్పుడు ఇంటికి చేరడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. వెడల్పు, ట్రెడ్ వేరు కనుక వేగంగా పోకండి, ఎక్కువ రోజులు ఉంచకండి. మీ ఇనుప చక్రాల్లో అన్నిటికంటే తక్కువ అరిగిన టైరున్నదాన్నే స్టెప్నీగా ఉంచుకోండి. ఇనుప రిము నట్లూ అల్లాయ్ నట్లూ ఒకే వాలు ఉన్నవో కాదో బిగించేటప్పుడే పక్కపక్కన పెట్టి పోల్చుకోండి; వేరైతే స్టెప్నీ కోసం పాత నట్లు నాలుగు డిక్కీలో పడేయండి.

గాలి విషయం. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఏ సైజుకు ఎంత గాలి, బరువు ఉన్నప్పుడు వెనుక ఎంత అన్నది ఉంటుంది. దాన్నే పాటించండి, అది కూడా ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు. మే నెల మధ్యాహ్నం మాల్ దగ్గర ఆగి చూస్తే మీటరు నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపవచ్చు. వేడికి పెరిగిన ఆ ఒత్తిడిని తగ్గించాలని గాలి వదిలితే సాయంత్రానికి టైరు చప్పబడుతుంది, చప్పబడిన టైరే ఎండలో ఎక్కువగా కాగి పేలుతుంది. నైట్రోజన్ నింపుకుంటే చూడనక్కర లేదని కొందరు అమ్ముకుంటున్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది నింపినా పదిహేను రోజులకోసారి చూడక తప్పదు.

కొత్త చక్రాలు బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించండి. నట్లు ఎదురెదురు వరుసలో బిగించాలి, చివరి బిగింపు టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) యజమాని పుస్తకంలో ఉన్న అంకె దాకా మాత్రమే. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక ఒకసారి మళ్లీ బిగింపు చూడాలి, ఎందుకంటే అల్లాయ్ రిము కొత్తలో కొద్దిగా సర్దుకుంటుంది. మీరు హైదరాబాద్‌లో బిగించుకుని వస్తే దేవరకొండ చేరేసరికి ఆ దూరం పూర్తవుతుంది. మరునాటి ఉదయం ఇంటి ముందే చూసుకోండి.

దేవరకొండ_వాసి:

ఆ రిములు అమ్మేవారిని మెషిను మీద తిప్పి చూపించమని అడిగాను, ఒప్పుకున్నారు. బిల్లు కూడా ఇస్తామన్నారు. టైర్ల తేదీ మాత్రం ఫొటో పంపమంటే ఇంకా పంపలేదు. అది వచ్చాకే బయానా ఇస్తాను.

పాలమూరు_అలైన్‌మెంట్:

నాలుగు టైర్లవీ నాలుగు ఫొటోలు అడగండి. ఒకదాని ఫొటోనే నాలుగుసార్లు పంపేవారున్నారు. తేదీ గుర్తు టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు. అది లోపలి వైపు పడితే చక్రం తిప్పి తీయమని చెప్పండి.